బోరు నీళ్లలో సబ్బు ఎందుకు నురగ కట్టదు?

శ్రీకాకుళం ఊరి మధ్యగా పారే నాగావళి నీళ్లలో సబ్బు తేలిగ్గా నురగ కడుతుంది. కొన్ని బోరు నీళ్లలో మాత్రం ఎంత రుద్దినా కట్టదు. ఎందుకు?

వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. నేలలోకి ఇంకి, రాళ్ల సందుల్లో చాలాకాలం నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అదే కఠినత్వం. ఒడిశా కొండల్లో పుట్టి పరుగెత్తే నాగావళికి, అందులోనూ వానాకాలంలో, అంత తీరిక ఉండదు.

ఈ లవణాలు సబ్బుతో కలిస్తే నురగకు బదులు తెల్లని తెట్టు కడుతుంది. నీళ్లు మరిగిస్తే కొంత కాల్షియం గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది.

ఎలా తెలుసుకోవాలి? రెండు సీసాల్లో కుళాయి నీళ్లు, బోరు నీళ్లు సమానంగా పోయండి. చిటికెడు సబ్బు తురుము వేసి ఊపండి. నురగ తక్కువ వచ్చిందే ఎక్కువ కఠిన జలం. డిటర్జెంట్ వాడొద్దు, అది కఠిన జలంలోనూ నురగ కడుతుంది.

తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మేలనీ, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఫర్వాలేదనీ భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది.

అయితే నురగ వచ్చినంత మాత్రాన నీరు శుభ్రమని కాదు. బురదను పటిక దించుతుంది, క్రిములను క్లోరిన్ చంపుతుంది. కఠినత్వాన్ని ఈ రెండూ తీయలేవు.