పండగ బరువు: సిగ్నల్ ఏది, నాయిస్ ఏది?

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి పండగల సీజను దసరాతో మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. మధ్యలో దీపావళి పాట్‌లక్‌లు, థాంక్స్‌గివింగ్ విందు, ఆఫీసులో హాలిడే పార్టీ, క్రిస్మస్ సెలవుల్లో మిత్రుల ఇంట్లో మకాం. డిసెంబరులో కోడ్ ఫ్రీజ్ వస్తే సర్వర్లతోపాటు మనకీ కాస్త విశ్రాంతి దొరుకుతుంది. బయట చలి, సాయంత్రం అయిదు గంటలకే చీకటి. నడక తగ్గడానికి ఇంతకన్నా కారణాలు అక్కర్లేదు.

మనలో చాలామంది చేతికి స్మార్ట్ వాచీ, ఇంట్లో డిజిటల్ వెయింగ్ మెషీన్ ఉంటున్నాయి. రెండూ రోజూ ఏవో అంకెలు చూపిస్తూనే ఉంటాయి. ఆ అంకెల్లో వేటిని పట్టించుకోవాలి, వేటిని వదిలెయ్యాలి అన్నదే ఈ వ్యాసం.

అసలు ఎంత పెరుగుతాం?

2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 195 మంది పెద్దవాళ్ళ బరువు గమనించారు. నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా వాళ్ళు సగటున పెరిగింది 0.37 కిలోలు. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. అయితే ఆ పెరిగిన బరువు తర్వాత వసంతంలోనూ తగ్గలేదు, వేసవిలోనూ తగ్గలేదు. ఏటా ఇలాగే మిగిలిపోతే పదేళ్ళకి మూడున్నర కిలోలు దాటుతుంది. మన దక్షిణాసియా వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. మనకి తక్కువ బరువులోనే మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం, ఆసియా వాళ్ళు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే జాగ్రత్త పడటం మంచిదని సూచించింది.

ఇప్పుడు చిన్న లెక్క. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 0.37 కిలోలంటే దాదాపు 2,850. అరవై రోజులకి పంచితే రోజుకి 47 కేలరీలు. 75 కిలోల మనిషి గంటకి 5 కిలోమీటర్ల వేగంతో పావుగంట నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికన్నా అదనంగా ఖర్చయ్యేది ఇంచుమించు అంతే! అదే ఒక్క గులాబ్‌జామూన్ (సుమారు 150 కేలరీలు) అరగాలంటే ముప్పావుగంట పైనే నడవాలి. అంటే విందు మర్నాడు ట్రెడ్‌మిల్ మీద ప్రాయశ్చిత్తం చేసుకోవడం గిట్టుబాటయ్యే పని కాదు. రోజూ జరిగే చిన్న తేడాని సరిచేసుకోవడం మాత్రం సులువు.

వాచీ ఏం కొలుస్తుంది?

వాచీలో యాక్సెలరోమీటర్ ఉంటుంది. అది మూడు దిశల్లో చేతి కదలికని కొలుస్తుంది. మనం నడిచేటప్పుడు చెయ్యి ఒక లయలో ఊగుతుంది కాబట్టి, ఆ తరంగంలోని శిఖరాలని లెక్కపెట్టి అడుగులుగా చూపిస్తుంది. షాపింగ్ కార్టు తోస్తూ నడిస్తే చెయ్యి ఊగదు, కొన్ని అడుగులు లెక్కలోకి రావు. ఇక గుండె వేగం కొలిచేది ఆకుపచ్చ లైటుతో. చర్మం కింద రక్తం పరిమాణం మారేకొద్దీ తిరిగొచ్చే కాంతి మారుతుంది.

కేలరీలని మాత్రం వాచీ కొలవదు. వయసు, ఎత్తు, బరువు, గుండె వేగం కలిపి ఒక ఫార్ములాతో ఊహిస్తుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడు పరికరాలని పరీక్షిస్తే, ఆరింటిలో గుండె వేగం 5 శాతం లోపు తేడాతో సరిపోయింది. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైన పరికరానికే సగటున 27 శాతం తేడా వచ్చింది, అన్నిటికన్నా వెనకబడిన దానికి 93 శాతం. కాబట్టి "వాచీ 400 చూపించింది, ఇంకో రెండు బొబ్బట్లు తినొచ్చు" అనే లెక్క పెట్టుకోకండి.

త్రాసుకి ఒక ఫిల్టర్

విందు మర్నాడు బరువు కిలోన్నర పెరిగిందంటే అది కొవ్వు కాదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, స్వీట్ల నుంచి శరీరం దాచుకునే గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని వెంట ఉంచుకుంటుంది. ఇదంతా నాయిస్.

ఆటోడెస్క్ స్థాపకుల్లో ఒకరైన జాన్ వాకర్ 1991లో "ద హ్యాకర్స్ డైట్" అనే పుస్తకంలో దీనికి మనవాళ్ళకి నచ్చే పరిష్కారం చెప్పాడు: ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్. నేటి బరువులోంచి నిన్నటి ట్రెండ్ తీసెయ్యండి. ఆ తేడాలో పదోవంతు నిన్నటి ట్రెండ్‌కి కలపండి. అంతే.

ఉదాహరణకి ట్రెండ్ 75.0 ఉండగా విందు మర్నాడు బరువు 76.4 వచ్చిందనుకుందాం. కొత్త ట్రెండ్ 75.14. తర్వాతి రోజు 76.0 వస్తే 75.23. మూడో రోజు 75.1 వస్తే 75.21. త్రాసు కిలోన్నర మేర ఎగిరి దిగింది, ట్రెండ్ కదిలింది 200 గ్రాములు. స్ప్రెడ్‌షీట్‌లో ఇది ఒక్క గడి ఫార్ములా. నేను వాడేది ఇదే.

మరి ఏం చెయ్యాలి?

పదివేల అడుగులు అనే అంకె వైద్యుల ప్రయోగశాలలో పుట్టింది కాదు. 1965లో జపానులో అమ్మకానికొచ్చిన ఒక పెడోమీటర్ పేరుకే "పదివేల అడుగుల మీటరు" అని అర్థం. దాని బదులు పండగలు లేని మామూలు వారంలో మీ సగటు అడుగులు ఎన్నో చూసుకోండి. సెలవుల్లో దానికి కిందకి దిగకుండా ఉండటమే లక్ష్యం. వాచీ ఎప్పుడూ అదే తప్పు చేసినా, నిన్నటితో నేటిని పోల్చడానికి పనికొస్తుంది.

భోజనమయ్యాక పావుగంట నడవండి. నడిచే కండరాలు రక్తంలోని గ్లూకోజుని వాడుకుంటాయి కాబట్టి షుగరు ఒక్కసారిగా పెరగదు. చలి ఎక్కువైతే మాల్‌లో నడవండి, లేదా అతిథులతో కబుర్లు ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతూ చెప్పుకోండి. ఇండియాకి చేసే ఫోన్లు నిలబడి, నడుస్తూ మాట్లాడండి.

థాంక్స్‌గివింగ్‌కి వారం ముందు ఆ స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టి, రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు బరువు రాసుకోండి. కనుమ నాడు మినుము తినాలన్నారు కాబట్టి ఆ రోజు గారెలు మానక్కర్లేదు. తిన్నాక ఒకసారి ట్రెండ్ చూసుకోండి. అరకిలో పెరిగి ఉంటే మర్నాటి నుంచే పావుగంట నడకని అరగంట చేసుకోండి. వేసవి దాకా వాయిదా వెయ్యకండి.