అమెరికాలో ఇంటికి చైల్డ్ వెల్ఫేర్ వాళ్లొస్తే: ముందు గంటలో మనవాళ్లు చేసే తప్పు

వనస్థలిపురం నుంచి మళ్లీ వచ్చేశా. ఈ ఎపిసోడ్‌కి కారణం మా పక్కింటి పిన్ని. వచ్చే నెల డల్లాస్ వెళ్తోంది, కూతురి డెలివరీకి. మన ఎన్జీవోస్ కాలనీలో ఏ వీధి చూసినా ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలు ఇలా ఆరు నెలలు అటు, ఆరు నెలలు ఇటు. పిన్ని అడిగింది: "అక్కడ పిల్లల్ని గట్టిగా అంటే పోలీసులు వస్తారంటగా, నిజమేనా?"

నిజమే పిన్నీ. కానీ సగమే. మిగతా సగం ఈరోజు చెప్తా.

ముందు మనవాళ్ల కేసే చూద్దాం. 2012 డిసెంబర్‌లో నార్వే రాజధాని ఓస్లోలో కోర్టు ఒక తెలుగు జంటకి జైలు శిక్ష వేసింది. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆయనకి 18 నెలలు. తల్లికి 15 నెలలు. ఏడేళ్ల కొడుకుని పదే పదే బెదిరించారు, హింసించారు అనేది అభియోగం. కుటుంబం చెప్పింది వేరు: పిల్లాడు స్కూల్ బస్సులో ప్యాంటు తడుపుకుంటుంటే, ఇలాగే చేస్తే ఇండియా పంపించేస్తాం అన్నాం, అంతే అని. పోలీసులేమో ఒంటి మీద మచ్చలు, కాలిన గుర్తుల గురించి మాట్లాడారు. ఎవరిది నిజం అని తేల్చడానికి నేనెవర్ని? తేల్చను కూడా. నాకు పట్టుకున్న పాయింట్ వేరే ఉంది.

మనింట్లో "అట్లకాడ కాల్చి వాత పెడతా" అనని అమ్మ ఉందా? మా అమ్మ అయితే వారానికోసారి అనేది. ఒక్కసారి కూడా పెట్టలేదు. ఇప్పుడు ఆ మాటని ఇంగ్లీష్‌లోకి మార్చి ఒక ఆఫీసర్ రిపోర్టులో టైప్ చేశాడనుకోండి. చదవండి ఎలా ఉంటుందో! నార్వేలో పిల్లల్ని కొట్టడం 1987 నుంచే నిషేధం. అక్కడ బెదిరింపు కూడా హింస లెక్కలోకి రావచ్చు.

అలాగని "వాళ్లకి మన కల్చర్ తెలీదు" అని చేతులు దులుపుకోకండి. నిజంగా వాతలు పెట్టే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి, పిల్లలకి జబ్బు చేస్తే కాల్చిన సూదితో అంటించే ఊళ్లూ ఉన్నాయి. అది తప్పే, ఎక్కడైనా తప్పే. నేను చెప్పే డిఫెన్స్ దెబ్బల్ని దాచడానికి కాదు. జరగనిది జరిగినట్టు రాయకుండా, జరిగింది పదింతలు కాకుండా చూసుకోవడానికి.

సరే, అమెరికాకి వద్దాం, మనవాళ్లు ఎక్కువున్నది అక్కడే కదా. స్కూల్లో టీచర్‌కి, హాస్పిటల్లో డాక్టర్‌కి అనుమానం వస్తే రిపోర్ట్ చేసి తీరాలి, అది చట్టం. వాళ్ల మీద కోపం పెట్టుకుని లాభం లేదు. రిపోర్ట్ వెళ్లాక చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్, అంటే సీపీఎస్ నుంచి కేస్ వర్కర్ తలుపు కొడుతుంది.

ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. మన అలవాటేంటి? ఇంటికి ఆఫీసర్ వస్తే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మొత్తం చెప్పేయడం. "అదేం లేదు మేడమ్, అల్లరి చేస్తే ఒక్కటేశాను, మా దగ్గర మామూలే" అని నవ్వుతూ అంటాం. అయిపోయింది. ఆవిడ దృష్టిలో మీరు సంజాయిషీ ఇవ్వలేదు, ఒప్పుకున్నారు.

సిస్టమ్ ఎలా ఉంటుందంటే, రెండు ప్రాసెస్‌లు ప్యారలల్‌గా రన్ అవుతాయి. ఒకటి పిల్లలు మీ దగ్గర ఉండాలా వద్దా అనే సివిల్ కేసు. రెండోది మీ మీద క్రిమినల్ కేసు. సోషల్ వర్కర్ మంచిగా మాట్లాడినా, ఆవిడకి చెప్పింది రెండో దాంట్లోకి కూడా వెళ్లొచ్చు. మన సాఫ్ట్‌వేర్ భాషలో ఒకే లాగ్ ఫైల్, రెండు సర్వర్లు చదువుతాయి.

మరేం చేయాలి? మర్యాదగా అడగండి: మా మీద ఆరోపణ ఏంటి? మొదటిసారి కలిసినప్పుడే అది చెప్పాలని ఫెడరల్ చట్టం రాష్ట్రాలకి షరతు పెట్టింది. కోర్టు ఆర్డర్ ఉందా అని అడగండి. అది లేకపోతే, పిల్లలకి అప్పటికప్పుడు ప్రమాదం ఉందన్న పరిస్థితి కాకపోతే, లోపలికి రానివ్వకపోవడం మీ హక్కు. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి హౌస్ బిల్ 730 అమల్లో ఉంది: లాయర్‌ని పెట్టుకోవచ్చని, సంభాషణ రికార్డ్ చేసుకోవచ్చని కేస్ వర్కరే తల్లిదండ్రులకి చెప్పాలి. పిన్ని వెళ్లేది అక్కడికే, అందుకే ఇది గట్టిగా చెప్తున్నా. అక్కడ పిల్లల్ని తీసుకెళ్లిపోతే మామూలుగా 14 రోజుల్లో కోర్టులో పూర్తి విచారణ జరగాలి. ఆ 14 రోజులు ఏడుస్తూ కూర్చోకుండా లాయర్‌తో కూర్చోవాలి.

"సేఫ్టీ ప్లాన్" అని కాగితం ఇస్తారు. లాయర్ చూడకుండా సంతకం వద్దు. అమ్మమ్మకి ఇంగ్లీష్ అంతంతే అయితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. మనవడితో ట్రాన్స్‌లేట్ చేయించకండి, ప్లీజ్.

లాయర్ ఫ్రీగా వస్తాడా? క్రిమినల్ కేసులో పేదవాళ్లకి ఇస్తారు. సివిల్ కేసులో గ్యారంటీ లేదు, 1981లో లాసిటర్ కేసులో సుప్రీంకోర్టు అదే అంది, రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కానీ పిల్లల మీద హక్కు పూర్తిగా తీసేయాలంటే ప్రభుత్వం స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం చూపించాలి. అది 1982 నాటి సాంటోస్కీ తీర్పు.

హెచ్1బీ వాళ్లు ఇది రెండుసార్లు వినండి. "చిన్న నేరం ఒప్పేసుకుందాం, జైలు ఉండదు" అని ఎవరైనా అంటే ఆగండి. పిల్లల మీద హింస, నిర్లక్ష్యం కింద శిక్ష పడితే దేశం నుంచి పంపించేయొచ్చు. ఆ రిస్క్ గురించి క్రిమినల్ లాయర్ మీకు చెప్పాల్సిందేనని 2010లో పడిల్లా కేసులో తేలింది. అరెస్టయితే ఇండియన్ కాన్సులేట్‌కి తెలియజేయమని అడగొచ్చు. వాళ్లు మాట్లాడతారు, లాయర్‌ని చూపిస్తారు. కేసు మాత్రం వాళ్లు వాదించరు.

ఇంకో చిన్న విషయం, చాలామందికి తెలీదు. మన పిల్లలకి పుట్టుకతోనే నడుము మీద, పిరుదుల మీద నీలం మచ్చలుంటాయి. తెలియనివాళ్లకి అవి దెబ్బల్లా కనిపిస్తాయి. పుట్టగానే డాక్టర్‌తో ఫైల్లో రాయించండి, తేదీ పడేలా ఫోటో తీసి పెట్టుకోండి.

ఇదంతా ఫారిన్ గొడవే అనుకోకండి. మన దగ్గరా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లో చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు పెట్టాలి. క్రూరత్వం రుజువైతే తల్లిదండ్రులకైనా మూడేళ్ల దాకా జైలు. కమిటీ ఆర్డర్ కాపీ అడిగి తీసుకోండి, ఎందుకంటే అప్పీలుకి ఉన్నది 30 రోజులే. మన రంగారెడ్డి జిల్లా కోర్టు పక్కనే, ఎల్బీనగర్‌లో. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి కాల్ చేయండి.

ఇదంతా విని పిన్ని చివరికి అడిగింది: "మరి పసిబిడ్డకి నూనె రాసి, కాళ్లూ చేతులూ సాగదీసి నీళ్లు పోయొచ్చా?" పోయొచ్చు పిన్నీ. సాగదీయడం మాత్రం కొంచెం మెల్లగా.