నిలురాళ్ళ తిమ్మప్ప

పొందూరుకు పొరుగుననున్న ఆమదాలవలస ప్రాంతములో దన్నానపేట అను గ్రామము కలదు. అచ్చట సుమారు 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల ఒకే బండ ప్రాచీన సమాధికి కప్పుగా పరచబడియున్నది. ఇట్టి మహాశిలలనే నిలువున పాతిన చోటు చూడవలెనన్నచో కృష్ణాతీరమునకు, తెలంగాణలోని నారాయణపేట జిల్లా ముడుమాలకు, పోవలెను.

ముడుమాలలో 10 నుండి 14 అడుగుల ఎత్తుగల నిలువురాళ్ళు 80 వరకు ఉన్నవి. వాని నడుమ వేలకొలది చిన్నరాళ్ళు బారులు తీరినవి. ఇవి 3500 ఏండ్లకు పూర్వపువని పరిశోధకుల అంచనా. పొలము పనిలోనున్నవారు శాపము తగిలి రాళ్ళైపోయిరని ఊరివారి కథ. అయినను ఆ రాళ్ళనే నిలురాళ్ళ తిమ్మప్ప యని కొలుతురు. ఒక రాయి ఎల్లమ్మగా పూజలందుకొనుచున్నది. శాపగ్రస్తులే దైవములైరన్నమాట!

హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు గారు ఈ బారులను పరిశీలించిరి. అయనములు మారు దినములలో సూర్యుని ఉదయాస్తమయములకు కొన్ని వరుసలు సరిపోవుచున్నవట. ఒక బండపై తొలిచిన గుంటలు సప్తర్షి మండలమును పోలియున్నవి. ఆకాశమున పులహ క్రతువులను కలుపు గీతను పొడిగించినచో ధ్రువుడు దొరకునని మనవారెరిగినదే. నాటివారికి ఈ రాళ్ళే పంచాంగమై యుండవచ్చును.

2025లో ముడుమాల యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినది. అంతవరకు ఈ రాళ్ళకు కాపలా ఎవరు? నా దృష్టిలో తిమ్మప్ప, ఎల్లమ్మలే. దేవుడన్న రాతిపై గడ్డపార వేయుటకు ఎవరికి చేయి వచ్చును? పేరులేని చిన్నరాళ్ళకు ఆ అండ లేదు. సేద్యమునకు అడ్డమని వానిలో పెక్కింటిని తొలగించిరి.