శిల చెప్పిన చరిత్ర, డోలు చెప్పిన చరిత్ర

గార్లకు పొరుగుననే బయ్యారం పెద్దచెరువు కలదు. పదమూడవ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ దీనిని త్రవ్వించి, ధర్మకీర్తి సముద్రమని పేరిడినది. చెరువు శాసనం వెన్నభూపతి మొదలుగా కాకతీయుల వంశక్రమాన్ని తెలుపుతున్నది. చరిత్రకారులకు అది అమూల్య సాధనం.

అది రాజుల వంశావళి. మరి ఈ అరణ్యసీమలో అనాదిగా నివసిస్తున్న కోయల చరిత్ర ఎక్కడ వ్రాసి ఉన్నది? శిలపై కాదు, గుడ్డపై. డోలి కోయలనే గాయకులు బొమ్మలు చిత్రించిన పడిగెలను ఎదుట నిలిపి, డోలు వాయిస్తూ గోత్రాల పుట్టుకను, వేల్పుల కథలను గానం చేస్తారు. కాకతీయ ప్రభువును ఎదిరించిన సమ్మక్క సారలమ్మల గాథను నిలిపినది ఈ నోటి చరిత్రయే. ఒకే యుగాన్ని శాసనం కోటనుండి చూపితే, పాట అడవినుండి చూపుతున్నది.

ఏలికలు మారినారు, ఎల్లలు మారినవి. ఖమ్మం జిల్లాలోని గార్ల, బయ్యారం 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరినవి. పాట మాత్రం తరతరాలుగా నిలిచినది. కాని ఇప్పుడు దానికీ గడ్డుకాలమే. మణుగూరు ప్రాంతపు డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో ఆయన కన్నుమూసినారు. శాసనం శిథిలమైనా దాని నకలు మిగులుతుంది. గాయకుడు గతిస్తే, నేర్చినవాడుంటేనే పాట మిగులుతుంది.

కోయభాష తెలుగునకు సోదర ద్రావిడభాష. ఉపాధ్యాయులు బయ్యారం శాసనాన్ని బోధించిననాడే, తరగతిలోని కోయ విద్యార్థిచేత అతని తాత చెప్పిన కథనూ వ్రాయించవలెను. శాసనం ప్రక్కన ఆ కథకూ చోటు దొరికితేనే ఈ సీమ చరిత్ర సంపూర్ణమవుతుంది.