బంతి నేర్పిన బడిపంతులు

భద్రాచలం అడవి పల్లెల్లో, ఖమ్మం ఊళ్లల్లో సాయంత్రం పూట పిల్లలు బంతి తన్నుతుంటారు. మీరు చూసే ఉంటారు. కొందరి కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. ఒకప్పుడు మన దేశం తరఫున ఆడినవాళ్లు కూడా కొందరు ఉత్త కాళ్లతోనే ఆడారు. అలాంటివాళ్లకు ఆట నేర్పి, ఆసియా ఖండంలో మొదటి స్థానంలో నిలబెట్టిన మనిషి ఒక బడిపంతులు. మన హైదరాబాదు ఆయన. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు.

ఈ ఆటను ఫుట్‌బాల్ అంటారు. ఇటు 11 మంది, అటు 11 మంది. బంతిని కాలితో తన్నాలి, తలతో కొట్టొచ్చు. చేత్తో ముట్టుకోరాదు. గోలు దగ్గర కాపలా ఉండే ఒక్కరే చేత్తో పట్టొచ్చు. ఇది మగపిల్లల ఆటే అనుకోకండి. నిజామాబాద్ జిల్లా లంబాడీ ఆడపిల్ల గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడింది. 2022లో క్రొయేషియా అనే దూరదేశం పోయి, అక్కడి జట్టులోనూ చేరింది.

రహీం సాబ్ 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. అక్కడి జట్టులో ఆడారు. తర్వాత బడిలో పంతులయ్యారు. అటు తర్వాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. కోచ్ అంటే ఆట నేర్పే గురువు. బొంబాయిలో రోవర్స్ కప్ అనే పెద్ద పోటీ జరిగేది. పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ కప్పు గెలిచింది.

ఆయన నేర్పే తీరే వేరు. చాలామందికి కుడికాలే బాగా ఆడుతుంది. ఎడమకాలు మొరాయిస్తుంది. పలక మీద మొదటిసారి అక్షరం దిద్దినప్పుడు మన చెయ్యి తిరిగిందా? అట్లాగే. అందుకని రాని కాలితోనే తన్నాలని రహీం సాబ్ పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకుంటే ఒప్పుకునేవారు కాదు. వెంటనే తోటివాడికి అందించాలి.

1951లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. మన జట్టు బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడింది. ఆ తర్వాత అందరూ బూట్లు వేసుకుని ఆడాలని నియమం పెట్టారు. 1956 ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానం దాకా వచ్చారు.

ఇక 1962. ఇండోనేషియాలోని జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. అయినా జట్టు వెంట వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాం. తర్వాతి ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను వెనక ఉండి గోలును కాపాడే ఆటగాడు. ఇంకెవరైనా అయితే అతణ్ణి కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతణ్ణి ముందుకు పంపి, గోలు కొట్టే పని అప్పజెప్పారు!

సెప్టెంబర్ 4న ఆఖరి ఆట. ఎదురుగా మళ్లీ ఆ దక్షిణ కొరియానే. భారత అధికారి ఒకరు ఆ క్రీడల గురించి అన్న మాటలకు అక్కడి జనం కోపంగా ఉన్నారు. మైదానమంతా మనకు ఎదురే. మొదటి గోలు పి.కె. బెనర్జీ కొట్టాడు. రెండోది తలకు కుట్లున్న జర్నైల్ సింగే కొట్టాడు. 2–1తో మనం గెలిచాం.

1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయారు. జకార్తా తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మరో బంగారు పతకం రాలేదు.