గుండెల మంట: వాడుక పదం, శరీర ధర్మం

మల్లన్నసాగర్ జలాశయంలో మునిగిన సిద్దిపేట జిల్లా వేములఘాట్ ప్రజలు గజ్వేల్ సమీపంలోని పునరావాస కాలనీకి తరలిపోయారు. శరీరాన్ని ‘పెయ్యి’ అనీ, ఎముకను ‘బొక్క’ అనీ, తలను ‘నెత్తి’ అనీ వ్యవహరించే ఆ ప్రాంతపు వాడుక ఆసుపత్రులలోనూ వినిపిస్తుంది. బి.ఎస్సీ. నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో శరీర నిర్మాణ, ధర్మ శాస్త్రాలను ఆంగ్లంలో చదివే విద్యార్థినికి ఈ పదాల అర్థం సులువుగానే అందుతుంది. చిక్కంతా ‘గుండెల మంట’ దగ్గరే.

తెలుగులో ‘గుండె’ అవయవమే కాదు, ఛాతీ కూడా. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నినప్పుడు రొమ్ము ఎముక వెనుక మంట పుడుతుంది. అయితే గుండె నుండీ, అన్నవాహిక నుండీ బాధను మోసే నాడులు వెన్నుపాములో ఇంచుమించు ఒకే వక్షీయ ఖండాలను చేరతాయి. అందువల్ల బాధ మూలాన్ని మెదడు స్పష్టంగా గుర్తించలేదు. గుండెపోటు సైతం కొందరిలో, ముఖ్యంగా వృద్ధులలో, మధుమేహులలో, స్త్రీలలో, మంటగానో కడుపుబ్బరంగానో తోచవచ్చు. రోగి మాటలో దోషం లేదు. దానిని వెంటనే ‘ఎసిడిటీ’గా తర్జుమా చేసుకోవడంలోనే ఉంది. ఛాతీ బాధతో వచ్చినవారికి 10 నిమిషాలలోపు ఇ.సి.జి. తీయాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఆలోగా రోగి భాషలోనే అడగవలసినవి కొన్ని ఉన్నాయి: చెయ్యి గుంజుతున్నదా, చెమటలు పోస్తున్నయా, దమ్మొస్తున్నదా?