పశువుల ఖనిజ గుళికలు: ధర తేల్చేది భాస్వరమే

పశువుల ఖనిజ మిశ్రమం పొడిగానూ, గుళికలుగానూ మార్కెట్‌కు వస్తోంది. చూపులకు గుళికలదే పైచేయి. అయితే రెండింటి బస్తా ధరలు పక్కపక్కన పెట్టి బేరమాడిన వ్యాపారి నష్టపోయే అవకాశముంది. ఈ సరుకులో ఖరీదైన భాగం భాస్వరం.

2002 నాటి ఐ.ఎస్. 1664 ప్రమాణం ప్రకారం మిశ్రమంలో కనీసం 20 శాతం కాల్షియం, 12 శాతం భాస్వరం ఉండాలి. కాల్షియం సున్నపురాతి పొడితో చౌకగా సమకూరుతుంది. భాస్వరానికి ముఖ్యాధారం డైకాల్షియం ఫాస్ఫేట్ (డి.సి.పి.). అందులో భాస్వరం సుమారు 18 శాతం. టన్ను మిశ్రమానికి 120 కిలోల భాస్వరం రావాలంటే 667 కిలోల డి.సి.పి. పడుతుంది. కనుక డి.సి.పి. ధరలో మూడింట రెండు వంతులకన్నా తక్కువకు పూర్తి ప్రమాణపు మిశ్రమం ఇస్తామంటే అనుమానించవలసిందే.

ఫ్లోరిన్ ప్రమాదం

ముడి రాక్ ఫాస్ఫేట్ పొడి కలిపినా పరీక్షలో భాస్వరం అంకె కనిపిస్తుంది. కాని ఆ రాతిలో సాధారణంగా 3 నుంచి 4 శాతం ఫ్లోరిన్ ఉంటుంది. ప్రమాణం అనుమతించేది 0.07 శాతమే. నీటిలోనే ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నల్లగొండ, ప్రకాశం ప్రాంతాలకు అలాంటి సరుకు చేరితే పశువుల పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. 2008లోనూ, 2021-22లోనూ ఫాస్ఫేట్ ధరలు ప్రపంచ మార్కెట్లో ఎగబాకాయి. అటువంటప్పుడు పాత ధరకే దొరికే మిశ్రమాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి.

గుళికలో ఎంత ఖనిజం?

పొడిలోని బరువైన లవణాలు లారీ కుదుపులకు బస్తా అడుగుకు చేరతాయి. గుళికలో ఆ బెడద లేదు. మిశ్రమాన్ని తవుడు, మొలాసిస్‌తో కలిపి, ఆవిరి పట్టించి, డై రంధ్రాల గుండా నొక్కి, ముక్కలుగా కోసి చల్లారుస్తారు. వేడి మీదనే బస్తాకెత్తితే చెమ్మ చేరి బూజు పడుతుంది. ఖనిజాల గరుకుకు డై త్వరగా అరుగుతుంది. మొలాసిస్‌కు డిస్టిలరీల పోటీ ఉంది. ఈ ఖర్చులన్నీ ధరలో చేరతాయి.

తవుడు, మొలాసిస్ చేరిన మేరకు ఖనిజం పలచబడుతుంది. సగం మాత్రమే మిశ్రమం ఉన్న గుళికలో దాని నుంచి వచ్చే భాస్వరం 6 శాతమే. అది కల్తీ కాకపోయినా, 50 గ్రాముల పొడి పెట్టేచోట రైతు 100 గ్రాముల గుళికలు పెట్టాలి.

కొనుగోలుదారు టన్ను ధరను భాస్వరం శాతంతో భాగించి చూసుకోవడం మేలు. మిశ్రమం వాటా, ఫ్లోరిన్, చెమ్మ పరిమితులను ఒప్పందంలో రాయించుకుని, సరుకు దించుకునే ముందే నమూనాను లేబొరేటరీకి పంపితే తరువాత తగాదాలకు తావుండదు.